బకెట్టు ఇసుక

బీచిలో ఇసుకా నీళ్ళూ తప్ప ఏముంటాయి అని నా భార్యతో ముప్పై ఒక్క ఏళ్ళు అన్నాను. సెలవులు రాగానే వెళ్దామా అని ఆవిడ అడగడం, నేను ఆ మాట అనడం. బస్సెక్కితే రెండు గంటల దారి. తీసుకెళ్ళలేదు. పోయిన ఏడు ఆవిడ చనిపోయింది. చుట్టాలెవరూ ఏమీ అనలేదు గాని, అనకుండా చూసే చూపులు నాకు తెలుసు. అందుకే ఈ సెలవుల్లో మా మరదలు బీచికి రమ్మంటే వెంటనే సరేనన్నాను. సరదా పడి కాదు. అక్కడ ఏమీ లేదని కళ్ళారా చూసి, అక్క తరఫున మాట్లాడే ఆ మరదలి చేతే ఔననిపించుకుని రావాలి.

బయల్దేరింది ముగ్గురం. మరదలు, ఆమె మొగుడు, నేను. నా తోడల్లుడు మందుల షాపులో పనిచేస్తాడు. ఎక్కడికి వెళ్ళినా దూదీ, కట్టుగుడ్డలూ, దగ్గుమందూ ఉన్న సంచీ మోస్తాడు. ఇంతవరకూ ఎవరూ దగ్గలేదు.

బస్సు దిగి చూస్తే ఇసుక లేదు.

గేటు పక్కన బోర్డు పెట్టారు. "ఇసుక జల్లెడకు వెళ్ళింది. గురువారం వస్తుంది." ఆ రోజు సోమవారం. ఇసుక ఉండాల్సిన చోట గట్టిపడిన బూడిదరంగు మట్టి, దాని మీద లారీ చక్రాల గుర్తులు. ఆటు వేళ కావడంతో సముద్రం కూడా వెనక్కి పోయి, ఎక్కడో గీత గీసినట్టు కనబడుతోంది. ఇసుకా నీళ్ళూ అని నేను కాస్త ఎక్కువే చెప్పాను.

అయినా జనం ఉన్నారు. మట్టి మీద తువ్వాళ్ళు పరుచుకుని, గొడుగులు దిగబడక చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఒకాయన కూర్చున్నచోటే చేతులు ఈత కొడుతున్నట్టు ఆడిస్తున్నాడు.

లోపల కౌంటరు ఉంది. కుటుంబానికో బకెట్టు ఇసుక ఇస్తారు, అయిదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. గుమాస్తా బకెట్టు తూచి ఎనిమిది కిలోలని రాసుకున్నాడు. హామీ కింద కుటుంబంలో పెద్దవాళ్ళు ఎడమకాలి బూటు వదిలి వెళ్ళాలన్నాడు. తోడల్లుడు నావైపు చూశాడు. విప్పి ఇచ్చాను. దానికి చీటీ కట్టి అరలో పెట్టాడు. అరల నిండా ఎడమ బూట్లే.

గొడుగుల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాం. బకెట్టు ఒక్కటే కాబట్టి తోడల్లుడు వంతులు రాశాడు. ఒక్కొక్కరికి పావుగంట చొప్పున, రోజుకి మూడు పూటలు. నాది భోజనానికి ముందు. మరదలి వంతు మొదట వచ్చింది. రెండు కాళ్ళూ బకెట్టులో పెట్టుకుని, చల్లగా ఉంది అని కళ్ళు మూసుకుంది.

ఇదే సమయమనుకున్నాను. "ఇప్పుడు చెప్పు. ఏముంది ఇక్కడ?"

"ఏమీ లేదు బావా," అంది. "అక్క కూడా అదే అంది."

ఎప్పుడందని అడిగాను. కళ్ళు తెరిచింది. నోరు జారానని అప్పుడు తెలిసినట్టుంది. ఒక కాలు బయటికి తీసి, ఇసుక దులిపి బకెట్టులోనే వేసి, మెల్లగా చెప్పుకొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట పన్ను పీకించుకోవాలని అక్క తమ ఇంటికి వచ్చిన రోజున ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోలేదట. బస్సెక్కి ఇక్కడికి వచ్చారట. అక్క అరగంట నిలబడి చూసి, ఆయన చెప్పిందే నిజం, ఇసుకా నీళ్ళే అందట. తర్వాత దవడలో దూది పెట్టుకుని ఇంటికొచ్చిందట.

ఆ దూది నాకు గుర్తుంది. రెండు రోజులు పాలలో రొట్టె నానబెట్టి నా చేత్తో తినిపించాను. పళ్ళన్నీ ఉన్న మనిషి. మూలుగుతూ తిన్నది.

"మరి తర్వాత ఎనిమిదేళ్ళు ఎందుకడిగింది?"

"వెళ్దామా అనగానే మీ మొహం ఎలా ముడుచుకుంటుందో చూడ్డానికట. సముద్రం కంటే అదే బాగుంటుందనేది. మీరన్నదే నిజమని మీ చెవిన పడకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. పడితే ఇక నెత్తినెక్కి కూర్చుంటారట."

నీకూ తెలుసా అని తోడల్లుణ్ణి అడిగాను. దూది మా షాపులోదే అన్నాడు.

అంటే వాదులో నేను గెలిచి తొమ్మిదేళ్ళయింది. నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ ఎనిమిదేళ్ళూ కాదన్న ప్రతిసారీ ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. ఆవిడ మారు వడ్డించుకునేది.

నా వంతు వచ్చిందని తోడల్లుడు గుర్తుచేశాడు. ఒక కాలికి బూటుంది, అది విప్పబుద్ధి కాలేదు. బూటు లేని కాలు బకెట్టులో పెట్టాను. ఆయన ఫ్లాస్కులో టీ ఒంపుతూ సగం నా కాలి మీద, సగం ఇసుకలో పోశాడు. కాలినదానికి మందుందని సంచీ తెరిచాడు. ఇన్నేళ్ళకి ఆ సంచీ పనికొచ్చినందుకు ఆయన మొహం వెలిగింది.

సాయంత్రం బకెట్టు తూస్తే ఎనిమిది కిలోల రెండువందల గ్రాములు. గుమాస్తా తీసుకోనన్నాడు. పాతికేళ్ళు లారీల కాటా దగ్గర పనిచేసినవాణ్ణి, అది తడి బరువు, ఎండితే పోతుందని చెప్పాను. ఎండేదాకా ఆగలేం, అయిదింటికి మూస్తాం అన్నాడు. ఎక్కువొచ్చింది మీదే, మీరే పట్టుకుపోండి అని రెండువందల గ్రాములు గరిటెతో తీసి నా బూటులో పోశాడు. బూటు చేతికివ్వబోతూ ఆగి, అభిప్రాయాల పుస్తకం ముందుకు తోశాడు. అది రాస్తేగాని ఇవ్వరట.

అందరూ ఒకటే రాశారు. ఇసుక లేదు, నీళ్ళు లేవు, ఏమీ లేదు.

"రాయండి బావా," అంది మరదలు. "దానికోసమేగా వచ్చారు."

పెన్ను తీసుకున్నాను. ఏమీ లేదని రాస్తే అది ఆవిడ మాట అవుతుంది. ఆవిడ బతికుండగా ఏ విషయంలోనూ ఔనని ఎరగను. ఇప్పుడు మొదలుపెట్టను.

చాలా బాగుంది అని రాసి సంతకం పెట్టాను. గుమాస్తా రెండుసార్లు చదివి, ఏం బాగుందండీ అన్నాడు అనుమానంగా. అన్నీ అన్నాను.

బస్సులో బూటు నిండా తడి ఇసుక, టీ వాసన. దులపలేదు. నా ఇసుక. ఎదురు సీట్లోంచి మరదలు నన్నే చూస్తోంది. మూతి బిగబట్టింది, అచ్చం అక్కలాగే.

"గురువారం ఇసుక వస్తుందట. మళ్ళీ వెళ్దామా బావా?"

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. చీకటి పడకపోవడం వల్ల అది ఎలా ముడుచుకుందో అద్దంలో నాకు కూడా కనబడలేదు.