జోడు కార్బురేటర్లలో వెనకదాన్ని

నేను ఒక కార్బురేటర్‌ని. సగం కార్బురేటర్‌ని అంటే ఇంకా నిజం. ఒకే ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించడానికి ఇద్దరిని ఒకే అచ్చులో పోశారు. ముందు నా కవల, వెనక నేను. ఇద్దరం సమానంగా ఊపిరి పీలిస్తే బండి పరుగు తీస్తుంది. ఒకరు ఎక్కువ పీల్చారా, కుంటుతుంది. మనుషుల మధ్య కూడా ఇదే గొడవట గానీ, వాళ్ళకి తిప్పడానికి స్క్రూ లేదు పాపం.

మా ఎర్ర స్పోర్ట్స్ కారు మొదటి యజమాని ఓడ కెప్టెన్. మమ్మల్ని పసిపిల్లల్లా కడిగేవాడు. తరవాతి సినిమా పంపిణీదారు పైన ఇత్తడి మూతలు మెరిపించి, లోపలి మడ్డిని అలాగే వదిలేశాడు. చివరికి విశాఖలో రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ మందాకిని గారి చేతికొచ్చాం.

ఆవిడ తమ్ముడు చక్రపాణి కంటికి మేం ఆనలేదు. అనంతగిరి ఘాట్ మీద పాతకార్ల ర్యాలీకి నెల ముందు, ఇంత నోరున్న కొత్త కార్బురేటర్ ఒకటి తెచ్చి మెకానిక్ పైడిరాజు బెంచీ మీద పెట్టాడు.

“నోరు పెద్దదైతే సరిపోద్దేటి బాబూ? ఇంజన్ది చిన్న కడుపు. అంత గాలి అరగదు,” అన్నాడు పైడిరాజు. “ఈ జోడీతోనే కొండెక్కిస్తాను. ఎక్కకపోతే నా చేత్తోనే ఈటిని ఇప్పేసి, ఆపైన స్పానరు ముట్టను.”

నలభై ఏళ్ళ పేరుని ఒక్క మాట మీద పెట్టేశాడు. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. పైడిరాజు దాస్తున్న సంగతి మాకే తెలుసు.

మమ్మల్ని సరిచేసే పద్ధతి ఇది. రబ్బరు గొట్టం ఒక కొస మా నోటి దగ్గర, రెండో కొస మెకానిక్ చెవి దగ్గర. లోపలికి పోయే గాలి బుస కొడుతుంది. రెండు బుసలూ ఒకేలా వినబడేదాకా స్క్రూలు తిప్పాలి. పైడిరాజు గొట్టం పెట్టుకుని, కళ్ళు మూసుకుని తలూపాడు. నేను పాములా బుసకొడుతున్నాను, నా కవల గొంతు పెగలడం లేదు, అయినా తలూపుతూనే ఉన్నాడు. ఇంజన్ల మధ్య బతికి బతికి సన్నటి చప్పుళ్ళు వినే శక్తి పోయింది. ఆ మాట బయటికొస్తే షెడ్డు గడప ఎవరు తొక్కుతారు?

“సమంగున్నాయమ్మా,” అన్నాడు.

ట్యూన్ చేసినవాడే పక్కసీట్లో కూర్చోవాలన్నది అతని గురువు పెట్టిన ఆనవాయితీ. ర్యాలీ రోజున మందాకిని గారు నడుపుతుంటే అలాగే కూర్చున్నాడు. పదిన్నరలోగా కొండపైన ర్యాలీ గేటు దాటాలి. మూడు మలుపులు ఎలాగో గడిచాయి. నాలుగోదాంట్లో ఎత్తు పెరిగేసరికి ఇంజను తడబడింది. భారమంతా నా మీదే పడింది. పక్కన లోయ, వెనక లారీ. కారు వెనక్కి జారబోతుంటే మందాకిని గారు హ్యాండ్‌బ్రేక్ లాగి పట్టి, మెల్లగా ఓ వారకి చేర్చారు. ఇంకా పద్దెనిమిది నిమిషాలున్నాయి.

పైడిరాజు బానెట్ ఎత్తాడు. గొట్టం చెవికి పెట్టుకున్నాడు. మళ్ళీ తలూపబోయాడు. ఊపలేకపోయాడు.

“అమ్మా, నాకీ బుస ఇనబడ్డం నేదు. రెండేళ్ళయిపోనాది.”

ఆవిడ తిడతారనుకున్నాను. వాచీ చూసుకుని, గొట్టం అందుకుని, పమిటచెంగుతో తుడిచి చెవికి పెట్టుకున్నారు.

“ఏం వినాలో చెప్పండి.”

“ఏది గట్టిగుందో సెప్పండమ్మా. నాను తిప్పుతాను.”

“వెనకది.”

నా స్క్రూ పావు చుట్టు తిరిగింది.

“ఇంకా వెనకదే. ఇంకొంచెం. ఆగండి, ఇప్పుడు రెండూ ఒకటే.”

పుట్టాక అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

రెండు నిమిషాలు మిగిలుండగా గేటు దాటాం. చక్రపాణి ఎదురొచ్చి, నలుగురు మెకానిక్‌ల ముందు పైడిరాజు భుజం తట్టాడు. “నీ చెవికి దండం పెట్టాలయ్యా.”

ఊరుకుంటే పేరు నిలిచేది. నా మూతలోని నూనె గడ్డకట్టినంత పనైంది.

“నా చెవి పోయింది బాబూ,” అన్నాడు పైడిరాజు అందరికీ వినబడేలా. “ఇన్నది అమ్మగారు. నాను తిప్పానంతే.”

ఇప్పుడు ఆదివారం పొద్దున షెడ్డుకి ఏ జోడీ వచ్చినా, గొట్టం మందాకిని గారి చెవి దగ్గర, స్పానరు పైడిరాజు చేతిలో. పెద్దనోటి కార్బురేటర్ బిల్లు పుస్తకం మీద బరువుగా కూర్చుంది. మనుషులకి తిప్పడానికి స్క్రూ లేదన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.