ఎల్గుజా తెరిచిన కాగు

జార్జియా దేశంలోని మా కాఖేతిలో విందు నడిపే పెద్దను తమదా అంటారు. అతడు ఒక్కొక్కరినీ పొగిడి మాట ముగించేదాకా ఎవరూ గ్లాసు ఎత్తరు. పొగడ్తలను అనుమానించే నాబోటివాడికి తగని పదవి అది. అయినా ఎల్గుజా డెబ్బయ్యో పుట్టినరోజు కాబట్టి ఒప్పుకున్నాను. మూడున్నర దశాబ్దాలు మేమిద్దరం కలిసి వైన్ వ్యాపారం చేశాం.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం సగం ఊరు బల్లల చుట్టూ చేరింది. ద్రాక్షకొమ్మల నిప్పుల మీద మాంసం కాలుతోంది. నా పక్కన, మా వైన్ కొనడానికి రాజధాని త్బిలిసి నుంచి వచ్చిన వ్యాపారి రుసుదాన్ కూర్చుంది. వరుసగా రెండేళ్లు వడగళ్లు పంటను కొట్టేశాయి. ఈసారి ఆమె మా సరుకు కాదంటే ఎల్గుజా తోట అమ్ముకోవలసిందే.

మేము వైన్‌ను నేలలో పాతిన పెద్ద మట్టికాగుల్లో పోసి, మూతలకు మట్టి మెత్తి, వసంతం దాకా ముట్టుకోము. పుట్టినరోజుకని ఎంచిన కాగు తెరవడానికి ఎల్గుజా కాగులున్న కొట్టులోకి వెళ్లాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"నోదర్, ఇలా రా. ఇది చూడు."

వాసనే చాలింది. మూత చుట్టూ మట్టి బీటవారి, గాలి చొరబడి, వైన్ పులిసి పాడైంది.

"పోయింది కదరా?"

"పోయింది. మూత పెట్టెయ్. పక్క కాగు తెరుద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"ఒకటి దాచినవాడు రెండోది బాగుందంటే ఎవడు నమ్ముతాడు?"

"ఆవిడ లేచి వెళ్లిపోతుందిరా పిచ్చోడా! తోట పోతుంది."

"పోనీ. డెబ్బయ్యేళ్లొచ్చాక కొత్తగా అబద్ధాలు నేర్చుకోమంటావా? ఈ ముసలి బుర్రకి ఎక్కవు."

ఆ చెడిన వైన్‌నే కూజాలో ముంచుకుని నేరుగా వెళ్లి రుసుదాన్ గ్లాసులో పోశాడు.

"తాగకమ్మా, వాసన చూడు. నా కాగు చెడిపోయింది."

అతడు కూజా కడిగి, రోడ్డు దాటి మా పోటీదారుడు బద్రి గుమ్మం ముందు నిలబడ్డాడు. మా ఊళ్లో సొంత పుట్టినరోజుకు పోటీదారుడి వైన్ పోయడాన్ని మించిన తలవంపు లేదు.

"ఏం బావా, దారి తప్పావా?" బద్రి గొంతు ఇక్కడికి వినిపించింది.

"ఓ కూజా వైన్ పొయ్యి. మాది పులిసిపోయింది."

"ఈ మాట నీ నోట వినాలని జుట్టు నెరిసేదాకా బతికాను! ఉండు, నేనూ వస్తా. నా వైన్‌లో నువ్వు నీళ్లు కలపకుండా చూడాలి."

నిండు కూజాలతో ఇద్దరూ వచ్చారు. నేను సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని వదిలేసి లేచి నిలబడ్డాను.

"మా సీసాల మీద ఇతని పేరు పక్కన నా పేరుంది. నా జీవితంలో ఇంతకంటే గొప్పగా చెప్పుకునేది లేదు. ఎల్గుజా కోసం!"

అందరూ తాగారు. రుసుదాన్ గ్లాసు దించింది.

"మిగతా కాగులు తెరవక్కర్లేదు బాబాయ్. మీ మాట చాలు."

"అలా కొనకూడదమ్మా. నా ముఖం కాదు, నా వైన్ చూడు."

అందరం కొట్టులోకి నడిచాం. రెండో కాగు మూత లేచింది. పైకి తీసిన వైన్ తేనెరంగులో తేటగా ఉంది. రుసుదాన్ గుటక వేసి, కాసేపు కళ్లు మూసుకుని, రేపే లారీ పంపిస్తానంది.

బద్రి తన గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

"నాదానికన్నా బాగుంది," అని ఎల్గుజా చెవిలో చెప్పాడు. చెవిలోనే, కాని వీధిలోవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా.