బిల్లు ఎవరి పేరున

కుట్టుమిషను ఫొటో తీయాలంటే ముందు దాని మీద గుట్టగా పడున్న చొక్కాలు తీయాలి. ఇస్త్రీకి వెళ్ళాల్సినవి కొన్ని, ఇస్త్రీ అయి వచ్చినవి కొన్ని, గుండీ ఊడి ఆమె తీరిక కోసం ఎదురుచూస్తున్నవి కొన్ని. అన్నీ ఆయనవే. వాటిని ఎత్తి మంచం మీద పడేసింది. మిషను మీది దుమ్ము తుడిచి, కిటికీ తెర పక్కకు లాగి నాలుగు ఫొటోలు తీసి, పాత వస్తువులు అమ్ముకునే యాప్‌లో పెట్టింది. 'ఎంబ్రాయిడరీ కూడా చేస్తుంది. తక్కువ వాడినది.' ఆ చివరి మాట టైపు చేస్తుంటే వేళ్ళు కాసేపు ఆగిపోయాయి.

ఎందుకు తక్కువ వాడిందో రాయడానికి యాప్‌లో చోటుండదు. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో చీకటి గదిలో నిలబడి వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. 'కింది వరుస చదవండి, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అని అడిగి అడిగి గొంతు ఎండిపోయేది. ఇంటికొచ్చాక వంట, గిన్నెలు, పిల్లదాని చదువు. అన్నీ అయ్యాక మిషను ముందు కూర్చుంటే హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించేది. "ఆ టకటక నా నెత్తి మీద కొట్టినట్టుందే అమ్మాయ్." అదే హాల్లో టీవీలో పదిమంది ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే మాత్రం ఆవిడ నెత్తికి ఏమీ అయ్యేది కాదు. పోనీ ఆదివారం కుట్టుకుందామంటే ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టేవాడు. "వారానికి ఒక్కరోజు నిద్రపోనివ్వవా? ఇంతకీ ఆ పువ్వులూ లతలూ ఎవరు చూస్తారని?" మొన్నటికి మొన్న, "వాడని వస్తువు ఇంట్లో ఎందుకు? ఆ మూల నడక మిషను పెట్టుకుంటా. డాక్టరు నడవమన్నాడు" అన్నాడు. నడవడానికి బయట అంత రోడ్డుంది కదండీ అని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో ఆమె మాటలు చాలావరకు నోటిదాకా వచ్చి ఆగిపోయేవే.

సాయంత్రానికి ఒకామె నుంచి సందేశం వచ్చింది. 'మిషను నచ్చింది మేడమ్. కొన్న బిల్లు ఉందా?'

ముందు ఒళ్ళు మండింది. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అమ్ముతున్నాననుకుందా? అయినా బీరువా తెరిచి, ఆయన కాగితాలు దాచే ప్లాస్టిక్ సంచి దులిపింది. బిల్లు దొరికింది. దాని మీద ఆయన పేరుంది.

అప్పుడు గుర్తొచ్చింది. జీతంలో మిగిల్చి మిగిల్చి కొన్న మిషను అది. దుకాణంలో డబ్బు ఆమె కార్డు మీదే కట్టింది. కౌంటరులో మనిషి కార్డు ఆమె చేతిలోంచి తీసుకుంటూనే తల మాత్రం ఆయన వైపు తిప్పి, "బిల్లు ఏ పేరున రాయమంటారు సార్?" అన్నాడు. ఆయన ఊపిరి తీసుకున్నంత మామూలుగా తన పేరు చెప్పాడు. ఆమె అప్పుడు గాజు అరలో దారపు ఉండల రంగులు చూసుకుంటోంది. వినపడింది. ఇద్దరం ఒకటే కదా అనుకుంది. ఆ ఒకటి ఎవరు అన్నది మాత్రం అనుకోలేదు.

బిల్లు ఫొటో పంపింది. వెంటనే జవాబొచ్చింది.

'ఇది మీ పేరు కాదు కదా మేడమ్?'

'మావారిది.'

'డబ్బు కట్టింది ఎవరు?'

'నేనే.'

'మరి ఆయన పేరెందుకు?'

'మొగుడూపెళ్ళాలం, ఎవరి పేరైతే ఏముంది' అని రాసి పంపింది. ఆ వెంటనే ఫోను మోగింది.

"అక్కా, మిమ్మల్ని అనుమానించి అడగలేదు, తప్పుగా అనుకోకండి," అంది కొంటానన్న ఆమె. చిన్న గొంతు, మాట మాత్రం గట్టిది. "నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. నాకూ ఓ మిషను ఉండేది. నా రెక్కల కష్టంతో కొన్నా. బిల్లు ఆయన పేరున రాయండని నేనే చెప్పా, ఆయనకు మర్యాదగా ఉంటుందని. తర్వాత కలిసి బతకలేక బయటికొచ్చేశా. మిషను బండిలోకి ఎక్కిస్తుంటే మా మరిది ఆ బిల్లు పట్టుకొచ్చి మొహం మీద ఆడించాడు. ఎవడి సొత్తు ఎత్తుకుపోతున్నావే అన్నాడు. వీధి వీధంతా చూస్తోందక్కా. దొంగలా దించేసి, ఉత్త చేతులతో వచ్చేశా. ఇప్పుడు సూది కొన్నా బిల్లడుగుతా."

ఫోను పెట్టేశాక కూడా ఆమె చెవి వేడిగానే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనకు విషయం చెప్పి, అమ్మినట్టు ఒక కాగితం రాసి సంతకం పెట్టమంది. ఆయన గట్టిగా నవ్వాడు.

"అంటే అసలు ఓనరు సంతకం కావాలన్నమాట! సరే, డబ్బు నా ఖాతాలో వెయ్యమను. బిల్లు నా పేరున ఉండి డబ్బు నీకెళ్తే బాగోదు. నడక మిషనుకి సరిపోతాయి."

"కొన్నది నేను కదండీ."

"నువ్వు కొనడమేంటి? కొనిచ్చింది నేను. మనవాళ్ళందరికీ తెలుసు."

నిజమే, అందరికీ తెలుసు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయన ఆ మిషను చూపించి, "మా ఆవిడ ముచ్చటపడిందని కొనిచ్చా, ఇదిగో దీని మీద బట్టలు ఆరేస్తోంది" అని చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నలుగురిలో మొగుణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు ఆయన తరఫు సాక్ష్యాలైపోయాయి.

"నువ్వు కొన్నావనడానికి రుజువేది?" అన్నాడాయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ, వేళాకోళంగా.

అత్తగారు కొడుకు వైపు మాట్లాడబోయారు. "పేర్లదేముందే పిచ్చిదానా! నా పేరున మందుల చీటీ తప్ప ఈ భూమ్మీద ఒక్క కాగితం లేదు. నేను బతకలేదా?" అని, తన మాట తనకే ఎక్కడో గుచ్చుకున్నట్టు ఆగిపోయి, కంచంలో మెతుకులు ఏరుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు దుకాణంలో ఒక పెద్దమనిషికి కళ్ళు పరీక్ష చేసి, అద్దాల నంబరు రాసి చేతికిస్తే, ఆయన దాన్ని చదవకుండానే ఆమె భుజం మీదుగా చూశాడు. "డాక్టరు గారు లేరామ్మా?" ఫ్రేములు తుడుస్తున్న మగమనిషి వైపు చూసి, "మీరొకసారి చూస్తారా సార్?" అన్నాడు. రోజూ వినే మాటే. రోజూ నవ్వి ఊరుకునేది. ఇవాళ నవ్వు రాలేదు. "చూసేది నేనే, రాసేదీ నేనే. చదవడం వస్తే చదువుకోండి" అంది. ఫ్రేములు తుడిచే ఆయన గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మధ్యాహ్నం తిండి మానేసి, మెట్ల మీద కూర్చుని ఫోనులో బ్యాంకు ఖాతా తెరిచింది. పాత నెలలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోతే, మిషను కొన్న రోజు కనిపించింది. కుట్టుమిషన్ల దుకాణం పేరు. ఆమె ఖాతా. ఆమె పేరు. రుజువేది అన్నాడు కదా, ఇదిగో.

కానీ వేలు అక్కడ ఆగలేదు. ఆ వరుసకు పైనా కిందా, ముందు నెలలోనూ వెనక నెలలోనూ, ఎంత దూరం తిప్పినా ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఇంటి అప్పు వాయిదా. ఇల్లు కొన్న కొత్తలో, "నా జీతం ఇల్లు గడవడానికి, నీది వాయిదాకి" అని ఆయనే పంచాడు. తీరా చూస్తే ఇల్లు గడవడంలో సగం కూడా ఆమె జీతంలోంచే పోయేది, అది వేరే సంగతి. ఇంటి రిజిస్ట్రేషను నాడు ఆమె నిండు నెలలతో ఉంది. "నువ్వు రాలేవు కదా, నా ఒక్కడి పేరైతే పని తేలిక" అన్నాడు. పిల్లని కంటున్నదాన్ని నేను, తేలికయింది ఆయనకు! వస్తున్నది ఏడుపనుకుంది. కాదు, కోపం. ఇన్నాళ్ళూ తను ఉప్పు కారాలు సర్దుకుంటూ, నాది నాది అనుకుంటూ తుడిచిన గచ్చు, తలుపులు, కిటికీలు, వీటిలో ఒక్కటి బండిలోకి ఎక్కించబోయినా ఎవరో ఒకరు కాగితం తెచ్చి మొహం మీద ఆడించగలరు.

ఆ సాయంత్రమే ఖాతాలో మిషను వరుస ఫొటో కొంటానన్న ఆమెకు పంపింది. 'నాకిది చాలక్కా' అని జవాబొచ్చింది.

ఆదివారం పొద్దున్నే కొనే ఆమె చిన్న బండి మాట్లాడుకుని వచ్చింది. అమ్ముతున్న ఆమె తెల్లకాగితం మీద తన ఖాతా నుంచే మిషను కొన్నట్టు, దాన్ని వచ్చినామెకు అమ్మినట్టు రాసి, కొన్నామె పేరు అక్షరం పోకుండా అడిగి రాసి, కింద తన సంతకం చేసింది. కొన్నామె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుంది. "ఇక ఎవడొచ్చినా ఏం పీకలేడు," అని, నాలుక కరుచుకుని నవ్వింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మిషను బండిలోకి ఎక్కించారు. డబ్బు ఆమె ఖాతాలో పడింది.

బండి మలుపు తిరిగేసరికి ఆయన స్నానం చేసి బయటికొచ్చాడు. ఖాళీ మూల చూశాడు.

"నా సంతకం లేకుండా ఎలా అమ్మావ్?"

"నా సంతకంతో."

"పరాయిదాని ముందు నా పరువు తీస్తావా? బిల్లు నా పేరున ఉందా లేదా?"

"ఉంది. కాగితం మీద ఎవరి పేరుంటే వస్తువు వాళ్ళదే అంటారా?"

"నేననడమేంటి? లోకమంతా అంతే!"

"అంతేనా? బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోచించడానికేముంది?"

అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

"అయితే ఇంటి కాగితాలు బయటికి తీయండి," అందామె. గొంతు పెంచలేదు. "వచ్చే నెల నుంచి వాయిదా అందులో పేరున్నవాళ్ళే కట్టుకుంటారు."