అద్దం మీద బొద్దుగాడు

మందుల షాపు అద్దానికి అంటించిన ఆ ఫొటో చూస్తే ఇప్పుడామెకు అసహ్యం వేస్తోంది. నిన్నటిదాకా అదే ఫొటో ముందు ఆగి మురిసి ముక్కలైన మనిషే. ఫొటోలో ఉన్నది ఆమె కొడుకు, తొమ్మిది నెలలవాడు. బుగ్గలు పొంగి కళ్ళు పూడుకుపోయి, మెడ ఎక్కడుందో తెలియకుండా నవ్వుతున్నాడు. కింద పెద్దక్షరాలతో, ‘మా మందులతో పెరిగిన బిడ్డ!’

షాపు ఆమె బావగారిది. నాలుగు నెలల కిందట డైపర్ ఒరుసుకుని పిల్లవాడి తొడలు ఎర్రగా చిట్లితే, కౌంటర్ అవతలి నుంచే ఓ ట్యూబు విసిరాడాయన. “రోజుకు మూడుసార్లు పుయ్యమ్మా, దెబ్బకు మాయం.” నిజంగానే మాయమైంది. మానేస్తే మళ్ళీ వచ్చింది. ఆమె మళ్ళీ పూసింది. వాడు ఒళ్ళు చేశాడు. “ఏం పెడుతున్నావే తల్లీ!” అని వీధంతా బుగ్గలు గిల్లుతుంటే ఆమె కాళ్ళు నేల మీద నిలిచాయా? బావగారైతే బొద్దుగాడని పేరు పెట్టి, ఫొటో తీసి అద్దమెక్కించాడు.

ఈ పొద్దున టీకా కోసం వెళ్తే పిల్లల డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. పొడవు కొలిచింది. నాలుగు నెలలుగా ఎదుగుదలే లేదు. బీపీ చూసింది. నుదుటి మీది నూగు చూసింది. ఏం పూస్తున్నారని అడిగి, ట్యూబు చూడగానే మొహం చిట్లించింది.

“ఇది బలం కాదమ్మా, జబ్బు. ఈ క్రీములో గట్టి స్టెరాయిడ్ ఉంది. చర్మంలోంచి ఒంట్లోకి పోయింది. కిడ్నీల మీద అడ్రినల్ గ్రంథులని ఉంటాయి. ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను అవే తయారుచేయాలి. బయటినుంచి వచ్చి పడుతుంటే అవి పని మానేసి పడుకున్నాయి. ఒక్కసారిగా ఆపితే పిల్లాడు కుప్పకూలిపోవచ్చు. క్రీము బదులు మాత్ర రాస్తాను, దాన్ని నెమ్మదిగా తగ్గిద్దాం. అవి మేలుకునేదాకా జ్వరం వచ్చినా, వాంతి అయినా పరుగెత్తుకు రావాలి.”

ఆమె తన చేతులు చూసుకుంది. రోజుకు మూడుసార్లు, ఎంత శ్రద్ధగా పూసిందీ! గోళ్ళ సందున ఇంకా ఆ క్రీము వాసనే. ఛీ!

సరాసరి షాపుకు వచ్చి, పిల్లాణ్ణి చంకనేసుకునే ఫొటోను పరపరా పీకేసింది.

“అదేం పనమ్మా!” బావగారు లేచాడు. “సగం గిరాకీ దాన్ని చూసే వస్తోంది!”

“మీ గిరాకీ మీద మన్ను పొయ్య! వీడి గ్రంథులు పని మానేశాయంట బావగారూ.”

“డాక్టర్లు అలాగే భయపెడతారులే. నేనేమైనా పరాయి పిల్లాడికిచ్చానా? మనవాడికే కదా ఇచ్చింది. ఏరా బొద్దుగా?” అంటూ బుగ్గ గిల్లబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది. ఆయనలో కుట్ర లేదు, దుర్మార్గం లేదు. ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు. అందుకే మరీ రోత పుట్టింది.

అంతలో ఓ పిల్లతల్లి చంకలో పాపతో వచ్చింది. “అన్నా, ఆ ట్యూబు ఇంకోటివ్వు. మా దానికీ బుగ్గలొస్తున్నాయి, ఫొటోలో బాబులాగే!”

బావగారు తీసిన ట్యూబును బొద్దుగాడి తల్లి లాక్కుని చెత్తబుట్ట మీదికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఎన్నాళ్ళనుంచి పూస్తున్నావమ్మా?”

“మూడు నెలలైందక్కా. ఏం?”

పాప మొహం గుండ్రంగా మెరుస్తోంది. నుదుటి మీద అదే నూగు. ఇది చెత్తబుట్టలో పడితే, రేపటికల్లా ఆ పిల్ల గతేమిటి?

“పద, ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఆవిడ చూసేదాకా మాత్రం దీన్ని మానెయ్యకు” అంది. కోపాన్ని, అసహ్యాన్ని దిగమింగి, ఆ ట్యూబును తన చేత్తోనే ఆ పిల్లతల్లి చేతిలో పెట్టింది.