మూడో బటన్

పెర్సిస్ నోయిడాలో ఒక కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక సరళకుమారి ఆంటీని మయూర్ విహార్‌లో ఆమె ఫ్లాటుకు చేర్చింది. ఆంటీ ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసింది. నాలుగేళ్ళ క్రితం నీటికాసులతో చూపు పోయింది. ఫోన్ తెరమీది అక్షరాలు చదివి వినిపిస్తుంటే దాంతోనే పనులు చక్కబెట్టుకుంటుంది.

"కళ్ళాసుపత్రి సైట్లో అపాయింట్‌మెంట్ తీసుకోలేకపోతున్నానమ్మా. విను."

ఆంటీ తెరమీద వేలు జరిపింది. "బటన్," అంది ఫోన్. మళ్ళీ జరిపితే మళ్ళీ "బటన్."

ఆ పేజీ పెర్సిస్ చేసిందే. బటన్లకు ఫోన్ చదివే పేర్లు లేవనీ, పాత ఫోన్లలో క్యాలెండర్ తెరుచుకోదనీ మార్చిలో తనే రాసిచ్చింది. "పహలే లాంచ్ హోనే దో," ముందు సైటు మొదలవనిమ్మన్నాడు టీమ్ లీడర్. తర్వాత తనూ అడగలేదు.

"ఇది నేను చేసిందే ఆంటీ."

సిగ్గేస్తుందనుకుంది. లోపల ఏమీ కదల్లేదు.

"అచ్ఛా," అంది ఆంటీ. "అయితే ఏది ఎక్కడుందో చెప్పు, గుర్తుపెట్టుకుంటా."

పెర్సిస్ తన ఫోన్ నుంచి గురువారానికి బుక్ చేసింది. ముందురోజు ఆంటీ తన ఫోన్లో ఖాయం చెయ్యాలి. రెండో బటన్ రద్దుకు, మూడోది ఖాయానికి అని చెప్పింది.

సోమవారం పెర్సిస్ బటన్లన్నిటికీ పేర్లు పెట్టి పంపింది. "అగలే హఫ్తే," వచ్చేవారం చూద్దామన్నాడు లీడర్. మంగళవారం ఎవరో పేజీ పైన ప్రకటన బటన్ ఒకటి చేర్చారు. పెర్సిస్ చూసింది, ఆ పేజీ మూసేసి టీకి వెళ్ళింది.

గురువారం ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు.

"కల్ క్యాన్సిల్ హో గయా. ఆప్ నే హీ కియా," నిన్న మీరే రద్దు చేసుకున్నారంది కౌంటర్లో అమ్మాయి.

"నేను మూడోదే నొక్కాను. లెక్క తప్పలేదు," అంది ఆంటీ.

"తప్పలేదాంటీ. పైన ఇంకోటి చేరింది, రద్దు మూడోదైంది. చూశాను. మీకు చెప్పలేదు."

ఆంటీ పెర్సిస్ మోచేతి మీంచి చెయ్యి తీసేసుకుంది. అపాయింట్‌మెంట్ లేనివాళ్ళ వరసలో రెండు గంటలు పక్కపక్కనే కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడు ఆంటీ, "దీదీ, జరా లే చలో," అని ఆయాను అడిగి వెళ్ళింది.

పెర్సిస్ ల్యాప్‌టాప్ తెరిచి, ఎవరినీ అడక్కుండా పేర్లున్న పేజీని సైట్లోకి ఎక్కించింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా కలగలేదు.

ఆంటీ బయటికొచ్చేసరికి ఒంటిగంటయింది. చుక్కలమందు మార్చారని చెప్పి, ఆటో పిలవమంది.