వేలంపాటగాడి పెన్ డ్రైవ్

మా శాండ్‌హిల్స్ పచ్చికదిబ్బల ప్రాంతంలో పశువుల వేలం అంటే, ధరలను పాటలా పలుకుతూ అమ్మిపెట్టే లీలండ్ కుచెరా గొంతే. నేను మొదటి కోడెను అమ్మినప్పుడు ఆయనే పాడాడు, మా నాన్న పోయాక మందంతా అమ్మినప్పుడూ ఆయనే పాడాడు. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియనంత వడిగా పాడుతూనే, వెనక వరుసలో ఎవరైనా ధర పెంచడానికి సైగగా టోపీ అంచు తాకితే పట్టేసేవాడు. ఆ మధ్యలోనే వాడికో చురక కూడా వేసేవాడు.

కేన్సర్ వచ్చి ఆయన స్వరపేటిక తీసేశారు. ఒక సేవాసంస్థ వాడుకోమని ల్యాప్‌టాప్ ఇచ్చింది. టైపు చేస్తే అది పైకి చదువుతుంది. కానీ నత్తనడక. మాట్లాడే ప్రోగ్రాం ఒక్కటే ఉంచుకోమంటే లీలండ్ వినడు. పశువుల ధరలు, వాతావరణం, అన్నీ తెరిచే ఉండాలి.

వేలం రోజుల్లో మేమంతా వేలంశాల కాఫీ బల్ల దగ్గర చేరతాం. ఒకసారి గేలార్డ్ ప్రెస్లర్ తన ఆవు అందం గురించి గొప్పలు పోతే లీలండ్ ఏదో టైపు చేశాడు. యంత్రం గుర్రుమంటూ ఉండిపోయింది. ఈలోగా మాట గేలార్డ్ తల్లి అంత్యక్రియల మీదకు మళ్లింది. అందరం తలలు దించుకుని వింటుండగా ల్యాప్‌టాప్ గట్టిగా, "అంత అందగత్తె అయితే పెళ్లి చేసుకో," అంది. అది ఆవు గురించి అన్న మాటని గేలార్డ్‌కు అర్థమైంది, ఏమీ అనుకోలేదు. లీలండ్ ముఖం మాత్రం పాలిపోయింది. ఆ తర్వాత వచ్చినా మూత తెరిచేవాడు కాదు. తల ఊపి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

అది చూసి ఓర్చుకోలేకపోయింది ట్విలా హాసే. ఆయన పాడే వేదిక కింద కూర్చుని, ఏ పశువు ఎవరికి దక్కిందో రాసుకునే మనిషి. మెమరీ పెంచమని ఆ సంస్థను అడిగింది. యంత్రాన్ని విప్పకూడదన్నారు. తర్వాత ఒకరోజు ఆఫీసు కంప్యూటర్‌కు పెన్ డ్రైవ్ పెడితే, దీన్ని వేగం పెంచడానికి వాడుకోమంటారా అని తెర మీద కనబడిందట. విప్పకుండా చేసే పని కదా అనుకుని, దాణా కొట్టువాళ్లు ఉచితంగా పంచిన పెన్ డ్రైవ్ ఒకటి తెచ్చి లీలండ్ ఎదుట కూర్చుంది.

లోపల జాగా చాలక యంత్రం ప్రతిదానికీ డిస్కులో వెతుక్కుంటోందని, తరచు కావలసినవాటి నకలు ఇందులో ఉంచితే చప్పున అందుకుంటుందని మాకు చెప్పింది. యంత్రం ఆ పెన్ డ్రైవ్‌ను పరీక్షించి, దీనికి తగిన వేగం లేదు, పనికిరాదు అని తేల్చేసింది.

లీలండ్ టైపు చేశాడు. మేం ఎదురుచూశాం.

"నన్నూ ఇలాగే పక్కన పెట్టారు," అంది యంత్రం.

మేమంతా కాఫీ కప్పుల్లోకి చూశాం. ట్విలా మాత్రం తలెత్తకుండానే, "నువ్వు కాస్త నోరు మూసుకుంటావా లీలండ్? నన్ను పని చేసుకోనీ," అంది.

జబ్బు చేశాక ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు. లీలండ్ భుజాలు కదలడం మొదలైంది. చప్పుడు లేకుండా, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ట్విలా నార్త్ ప్లాట్ పట్నం వెళ్లి మంచి పెన్ డ్రైవ్ తెచ్చింది. యంత్రం దాన్ని ఒప్పుకుంది. మొదట పెద్ద తేడా కనబడలేదు. వాడగా వాడగా మెరుగైంది. పొద్దున తెరుచుకోవడానికి ఇప్పటికీ కాఫీ కాగేంతసేపు పడుతోందని ఆయన భార్య ఆర్వెల్లా చెప్పేది. ఒకసారి మేలుకున్నాక మాత్రం మా మాటల వెంటే వచ్చేది.

తర్వాతి వేలం రోజున గేలార్డ్ కావాలనే కెలికాడు. "నువ్వు వేదిక దిగిపోయాక నా దూడలకు ధర పెరిగింది, తెలుసా?"

అతను కప్పు కింద పెట్టేలోపే జవాబు వచ్చింది. "వాటి గురించి నిజం చెప్పేవాడు లేడుగా మరి."

బల్లంతా గొల్లున నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది గేలార్డే.

ఆ శరత్కాలం మొదటి వేలానికి కొత్త పాటగాడు కర్ట్ మైకు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. వేలంపాట పాడటం ఆ యంత్రం వల్ల కాదు. లీలండ్ అందరికీ స్వాగతం చెప్పాడు, వరుసల్లోంచి వచ్చిన ఎత్తిపొడుపులకు ఎక్కడికక్కడ బదులిచ్చాడు, తర్వాత మైకు కర్ట్‌కు తోశాడు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ట్విలా లేవలేదు. వేదిక కింద తన బల్ల దగ్గర పెన్ను పట్టుకుని, మొదటి దూడ ఎవరికి దక్కుతుందో వినడానికి చెవి ఒగ్గి కూర్చుంది.