ఏమీ రానివాడి ఉద్యోగం

శ్యామ్‌సుందర్ ఆవకాయ సీసా మూతను సగం చుట్టు తిప్పి వదిలేశాడు. తరువాత కాఫీపొడి డబ్బా, ఆ తరువాత నెయ్యి, చివరగా మాత్రల సీసాలు. మూతలు పూర్తిగా తీసిపెడితే చీమలు పడతాయి, గట్టిగా బిగిస్తే వసుమతి వేళ్ళకు లొంగవు. కీళ్ళవాతం ఆమె వేళ్ళను పక్కకు వంచేసింది. క్రమం తప్పకుండా పడే సూదిమందు పుణ్యమా అని ఇంకా గ్లాసు పట్టుకోగలుగుతోంది, దువ్వెన పట్టుకోగలుగుతోంది. ఆ సూదిమందు శ్యామ్‌సుందర్ ఉద్యోగం ఇచ్చే ఇన్సూరెన్స్ మీద నడుస్తోంది. ఆ ఉద్యోగం ఉంచాలో తీసెయ్యాలో ఈరోజు తేలుస్తారు.

"జపాన్ నుంచి ఎవరో పెద్దాయన వస్తున్నాడన్నారుగా," అంది వసుమతి, కాఫీ కప్పును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని.

"ఆఁ. ఇవాళే టెస్ట్."

"అయితే బాగా ఓడిపోండి."

"ఆ పని నాకెప్పుడు చేతకాలేదే?"

ఆమె నవ్వింది. అతను టిఫిన్ డబ్బా, కళ్ళజోడు తీసుకుని బయటపడ్డాడు.

అమెరికాలోని ఆ ఫ్రిస్కో ఊళ్ళో అతని కారు దాటే ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాటిలో సగం ఇళ్ళకు ఒకప్పుడు అతనే బియ్యం బస్తాలు మోశాడు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. మణికట్ల దాకా మందంగా పెరిగిన చేతులు. ఎడమ బొటనవేలి మీద అట్టపెట్టెలు కోసే బ్లేడు చేసిన తెల్లటి గాటు. దుకాణం పోయింది, గాటు ఉంది.

మనిషి బతుకునూ సరుకులాగే చూడొచ్చు: ఏది ఎప్పుడు పట్టాడు, ఎప్పుడు వదిలాడు అని. శ్యామ్‌సుందర్ పట్టిందల్లా మంచి సరుకే. పట్టిన వేళే తప్పు. మొదట హైవే పక్కన పెట్రోలు పోసే గ్యాస్ స్టేషన్ తీసుకున్నాడు. ఏ లారీ డ్రైవరు ఏ వేళకు ఆగుతాడో, ఎవడికి ఏ సిగరెట్టు కావాలో కంఠతా వచ్చేసరికి ప్రభుత్వం కొత్త రోడ్డు వేసి లారీలన్నిటినీ అటు మళ్ళించింది. తరువాత కిరాణా దుకాణం. కరివేపాకు ఎన్ని రోజులు నిలుస్తుందో, ఏ మామిడిపండు పెట్టె అడుగున కుళ్ళుతుందో నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. ధర నచ్చని మనిషి నోరు తెరవకముందే సరుకులు వేసుకునే తోపుడుబండి చక్రాన్ని తలుపువైపు తిప్పుతాడని, ఆ చక్రాన్ని చూసి మాట కలిపితే మనిషి ఆగుతాడని అతనికి తెలిసిన ఏడాదే ఎదురుగా పెద్ద కంపెనీ స్టోరు తెరిచింది. విద్య వచ్చేనాటికి దాన్ని కొనేవాడు లేకుండా పోవడం అతని జాతకంలోనే ఉన్నట్టుంది.

అందుకే అంకిత చెప్పిన ఉద్యోగం విన్నప్పుడు అతను చాలాసేపు నవ్వాడు.

అంకిత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని దుకాణానికి వచ్చేది. ఇప్పుడు కొట్లాట వీడియో గేములకు పేరుపడ్డ ఒక జపాన్ కంపెనీ అమెరికా ఆఫీసులో పరీక్షల విభాగం ఆమెదే. తెర మీద ఇద్దరు యోధులు, కత్తో బల్లెమో, ఎవరు ముందు పడితే వారు ఓడినట్టు. ఆ కంపెనీ ఆటలకు లోకమంతా దండం పెట్టేవాళ్ళున్నారు, కానీ కొత్తగా కొన్నవాళ్ళు మొదటిరోజే తన్నులు తిని విసిగి పక్కన పడేస్తున్నారు. కొత్తవాడిని ఎంత మెల్లగా కొట్టాలో తెలియాలంటే, రోజూ కూర్చుని తన్నులు తినడానికి ఏమీ రానివాడు కావాలి.

"కుర్రాళ్ళందరూ క్విక్‌గా నేర్చేసుకుంటున్నారు అంకుల్," అంది ఆరోజు. "మీరైతే గేమ్ ఎప్పుడూ టచ్ చేయలేదు కదా? మీరు పర్ఫెక్ట్."

చేతకానితనానికి జీతం. ఇన్సూరెన్స్ అదనం. ఇంతకంటే గిట్టుబాటు బేరం అతనికి జన్మలో తగల్లేదు. షరతు ఒక్కటే: ఇంట్లో ఆడకూడదు, ఎవరినీ అడగకూడదు, నేర్చుకోకూడదు.

ఆఫీసు గదిలో ఎప్పటిలాగే చల్లగా ఉంది. అతని కుర్చీ, ఎదురుగా తెర, ఒళ్ళో పెట్టుకునే ఇనుప పెట్టె. దానికి ఎడమవైపు బంతితల ఉన్న చిన్న కర్ర, కుడివైపు బొత్తాలు. పెట్టె అడుగు చల్లగా తొడలకు తగులుతుందని మొదటివారమే ఇంట్లో మిగిలిన దుకాణం గుడ్డసంచి ఒకటి తెచ్చి, నాలుగు మడతలు వేసి కింద పరుచుకున్నాడు. కర్ర మీది ఎర్ర రంగు అతని అరచేయి రాసుకుని గులాబీ రంగుకు తిరిగింది.

అంకిత పక్కన జపాన్ పెద్దాయన నిలబడి ఉన్నాడు. పేరు ఒమోరి. నెరిసిన జుట్టు, నలిగిన కోటు. కుర్రవాడిగా చేరిన కంపెనీలోనే ముసలివాడయ్యాడట. తల వంచి నమస్కరించాడు. శ్యామ్‌సుందర్ లేవబోయి, ఒళ్ళో పెట్టె ఉందని గుర్తొచ్చి కూర్చునే వంగాడు.

"అంకుల్, నార్మల్‌గా ఆడండి, ఓకే?"

అతను కారులోనే నిశ్చయించుకుని వచ్చాడు. కొన్ని నెలలుగా తన చేతుల్లో ఏదో తేడా వచ్చిందని అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మాత్రం అన్ని బొత్తాలూ కలిపి గుద్దాలి. మొదటిరోజు ఎలా గుద్దాడో అలాగే.

గుద్దాడు. తెరమీద బల్లెం పట్టిన ఆడమనిషి ముందుకు వచ్చింది. పొడిచే ముందు ఆమె మోచేయి కాస్త వెనక్కి పోతుంది, తోపుడుబండి చక్రం తిరిగినట్టు. అతను చూడకూడదనుకున్నాడు. ఎడమచెయ్యి చూసింది. కర్ర వెనక్కి లాగింది. బల్లెం అతని యోధుడి డాలుకు తగిలి ఠంగుమంది. కంగారుపడి చెయ్యి వదిలేశాడు. తరువాతి పోటుకు కదలకుండా కూర్చున్నాడు. దాని తరువాతి పోటుకూ అంతే. అతని మనిషి నేలమీద పడ్డాడు. ఓడిపోయాడు.

హమ్మయ్య అనుకున్నాడు.

ఆటలు ముగిశాక అంకిత కుర్చీ దగ్గరికి లాక్కుంది. కళ్ళలోకి చూడలేదు.

"అంకుల్, మీరు కావాలని ఓడిపోయారు కదా?"

"ఓడిపోయాను కదమ్మా. కంపెనీకి కావలసింది అదేగా?"

"ఓడిపోవడం కాదు అంకుల్. భయపడాలి. కొత్తవాళ్ళు భయపడి ఏదో ఒకటి నొక్కేస్తారు. మీరు వెయిట్ చేస్తున్నారు. డేటాలో కనిపించేస్తుంది."

సరుకు కల్తీ చేసినవాడు పట్టుబడినట్టు అతని చెవులు వేడెక్కాయి. ఏమీ రానట్టు ఉండటం కూడా ఒక విద్యేనని, దానికి కావలసిన భయం తన దగ్గర ఎప్పుడో అయిపోయిందని అప్పుడు అర్థమైంది.

ఒమోరి ఇంకో పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఒక్క ఆట, నిజంగా, అన్నట్టు చూపుడువేలు ఎత్తాడు.

ఇక దాచడానికేముంది. శ్యామ్‌సుందర్ కళ్ళజోడు సర్దుకుని ఆడాడు. ఒమోరి కొట్టాడు, ఇతను కాచాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కాచాడు. గదిలో అటూ ఇటూ పోతున్నవాళ్ళు ఆగి నిలబడ్డారు. గ్యాస్ స్టేషన్‌లోనూ దుకాణంలోనూ ఎవరూ చూడని అతని ఓపికంతా ఆ కాసేపూ తెరమీద నిలబడింది. చివరికి ఓడిపోయాడు. గెలిచినవాడు పెట్టె పక్కనపెట్టి లేచి, నడుము దాకా వంగి నమస్కరించాడు.

"మీరు ఎదుటివాడి చేతికోసం ఆగుతారు," అన్నాడు వచ్చీరాని ఇంగ్లిషులో. "మంచి ఆట. చాలా మంచి ఆట."

అతని పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పే తీర్పు కూడా.

"పోనీ అమ్మా, బాగా ఆడేవాళ్ళ గ్రూప్ ఉందిగా? దాంట్లో పెట్టెయ్యి నన్ను."

"వాళ్ళందరూ టోర్నమెంట్స్ ఆడే పిల్లలు అంకుల్. మీరు వాళ్ళ ముందు..." ఆగిపోయింది. "సారీ అంకుల్. ఐ ట్రైడ్. కాంట్రాక్ట్ ఈ మంత్ ఎండ్ వరకు ఉంటుంది. ఇన్సూరెన్స్ కూడా. కానీ రేపటి నుంచి రానక్కర్లేదు."

అతను తల ఊపాడు. మొదటి రకానికి గిరాకీ ఉంటుంది, నాసిరకానికీ ఉంటుంది. మధ్యరకం సరుకే మూలన పడి ఉంటుంది. అంగడిలో కూర్చున్న ఎవరికైనా తెలిసిన సంగతే.

"ఆంటీకి ఎలా ఉంది?" అని అడిగింది అంకిత.

"గ్లాసు పట్టుకుంటోందమ్మా," అన్నాడు.

మెడలోని బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టాడు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు, కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు. బయట ఎండలో కారు సీటు కాలిపోతోంది. స్టీరింగు మీద చేతులు వేసుకుని వాటివంక చూస్తూ కూర్చున్నాడు. ముసలి చేతులు. మాట వినని చేతులు.

ఫోను మోగింది.

"ఏమండీ, కారం సీసా మర్చిపోయారు. మూత రావట్లా."

"ఉండు, వచ్చి తీస్తా."

"ఇంత తొందరగానా? ఇవాళ ఎన్ని దెబ్బలు తిన్నారేంటి?"

రోజూ అడిగే ప్రశ్నే. రోజూ ఏదో ఒక పెద్ద అంకె చెప్పి నవ్విస్తాడు.

"ఇవాళ బాగా ఆడానే వసూ," అన్నాడు.

వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది. తరువాత ఆమె మెల్లగా, "జాగ్రత్తగా రండి," అంది.

సోమవారం ఆ కుర్చీలోకి రిటైరైన స్కూలు బస్సు డ్రైవరమ్మ ఒకామె వచ్చింది. గేమంటే ఏమిటో ఎరగని మనిషి. మొదటి పోటుకే కెవ్వుమని అరిచి బొత్తాలన్నీ ఒకేసారి గుద్దింది. కాసేపటికి తొడలకు చల్లగా తగులుతోందని పెట్టె కింద ఏదైనా ఉందేమోనని వెతికింది. కుర్చీ పక్కన నాలుగు మడతల గుడ్డసంచి కనిపించింది. దానిమీద పెట్టె రబ్బరు కాళ్ళు పడి పడి నాలుగు గుంటలు ఏర్పడ్డాయి. వాటి మధ్య వెలిసిపోయిన ఆకుపచ్చ అక్షరాల్లో, వసుమతి ఇండియన్ గ్రోసరీస్, మళ్ళీ దయచేయండి.